మీ గురించిన పేజీ మీది కాదు: డెల్టా సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో రొయ్యల, చేపల పరిశ్రమలు, బియ్యం మిల్లులు, కాలేజీలు, ఆసుపత్రులు నడుపుతున్న యాజమాన్యాల వారికి, వారి తరఫున ప్రచారం పనులు చూసే వారికి నమస్కారాలు.

నేను పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో ఉంటాను. ముప్పయ్యేళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. అప్పటి నుంచి, ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల, దిద్దగల విజ్ఞాన సర్వస్వమైన తెలుగు వికీపీడియాలో మా చుట్టుపక్కల ఊళ్ల గురించి, కాలువల గురించి, గుళ్ల గురించి, ఇక్కడ పుట్టి పేరు తెచ్చుకున్న వాళ్ల గురించి రాస్తున్నాను. ఇందుకు ఎవరూ జీతం ఇవ్వరు. ఉదయం కాఫీ తాగి 'ఇటీవలి మార్పులు' పేజీ తెరిచి, రాత్రి ఎవరు ఏమి చేర్చారో, ఏమి తీసేశారో చూడడం నాకు అలవాటు. ఈ లేఖ అలా కనిపించిన ఒక మార్పు వల్ల రాయవలసి వచ్చింది.

సంక్రాంతి వెళ్లిన వారం అది. మా ప్రాంతంలోని ఒక రొయ్యల శుద్ధి పరిశ్రమ గురించిన పేజీలో నాలుగు వాక్యాల పేరా ఒకటి ఉండేది. పరిశ్రమ నుంచి వచ్చే నీటితో పక్కనున్న మురుగు కాలువ నల్లబడిందని, చేపలు చచ్చి తేలాయని, ఊరివాళ్లు మండల కార్యాలయం ముందు బైఠాయించారని, అధికారులు వచ్చి నీటి నమూనాలు తీసుకెళ్లారని ఆ పేరా సారాంశం. నాలుగు వాక్యాలకూ పత్రికల్లో వచ్చిన వార్తలు మూలాలుగా ఇచ్చి ఉన్నాయి. రాత్రి పదకొండున్నరకు ఆ పేరా మాయమైంది. దాని చోట ఇంకొకటి వచ్చింది. "మా సంస్థ నాణ్యతకు మారుపేరుగా నిలిచి, వేలాది కుటుంబాల్లో వెలుగులు నింపుతూ, అంతర్జాతీయ ప్రమాణాలతో ముందుకు సాగుతోంది" అని మొదలవుతుంది అది. విజ్ఞాన సర్వస్వంలో 'మా సంస్థ' అనే మాట ఎలా వస్తుంది? ఆ మార్పు చేసిన ఖాతా అదే రాత్రి పదకొండుంబావుకు పుట్టింది. ఏమి మార్చామో చెప్పడానికి 'దిద్దుబాటు సారాంశం' అని ఒక గడి ఉంటుంది. అందులో "అక్షర దోషాలు సరిచేశాను" అని రాసి ఉంది.

నాకు కోపం వచ్చింది. పేరా పోయినందుకు కాదు, దాన్ని ఒక్క నొక్కుతో తిరిగి తెచ్చుకోవచ్చు. ఊరివాళ్లు ఎండలో కూర్చున్న రోజును అక్షర దోషం అన్నందుకు వచ్చింది.

పేరాను తిరిగి పెట్టాను. రెండు రోజులకు మళ్లీ పోయింది, ఈసారి మరో ఖాతా. మళ్లీ పెట్టాను. మూడోసారి పోయాక నిర్వాహకులు ఆ పేజీకి కొన్నాళ్లు సంరక్షణ పెట్టారు. అంటే కొత్తగా పుట్టిన ఖాతాలు దాన్ని ముట్టుకోలేవు.

ఆ తరువాతి ఆదివారం మా ఇంటికి ఒక కుర్రవాడు వచ్చాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదువుకున్నవాడు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉంది. అరుగు మీద కూర్చోమన్నాను. డబ్బాను నా చేతికి ఇవ్వడానికి మొహమాటపడి తన పక్కనే పెట్టుకున్నాడు.

"మాస్టారూ, ఆ పేజీ మీరే చూస్తున్నారని తెలిసిందండి," అన్నాడు.

"అవును నాయనా. నీకు ఆ పేజీతో ఏం పని?"

"మా ఆఫీసులో నాకు అప్పగించిన పనండి అది."

భీమవరంలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగమట. సంస్థలకు ఇంటర్నెట్‌లో పేరు తెచ్చిపెట్టడం వాళ్ల వ్యాపారం. దాచాలన్న ఆలోచన కూడా లేకుండా ఫోను తీసి నాకు ఒక పట్టిక చూపించాడు. పదకొండు పేర్లు. రెండు హేచరీలు, ఒక మేత కంపెనీ, మూడు ఆసుపత్రులు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ, మిగిలినవి మిల్లులు, శీతల గిడ్డంగులు. ప్రతి పేరుకూ ఎదురుగా మూడు గళ్లు ఉన్నాయి: పేజీ ఉంది, పేజీ లేదు, శుభ్రం చేయాలి. మూడో గడిలో నాలుగు పేర్లకు టిక్కు పెట్టి ఉంది.

"శుభ్రం చేయడం అంటే?"

"వ్యతిరేకంగా ఉన్నవి తీసేయడమండి. అవార్డులు అవీ పెట్టడం."

"ఆ మురుగు కాలువ సంగతి నిజమా, అబద్ధమా?"

కాసేపు మాట్లాడలేదు. "మా పిన్ని వాళ్ల ఊరు అదేనండి. వాళ్ల గేదెలు ఆ నీళ్లు ముట్టవండి," అన్నాడు తల వంచుకుని.

ఈ పిల్లవాడు ఎనిమిదో తరగతిలో గోదావరి డెల్టా పటం ఎంత బాగా గీశాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ ఏది ఎక్కడ చీలుతుందో తప్పు లేకుండా చూపించాడు. ఇప్పుడు వాడికి నెల జీతం రావాలంటే తాను ఎరిగిన నిజాన్ని తానే చెరపాలి. వాడిని నేను తప్పుపట్టను. ఆ పని వాడి చేతికి ఇచ్చింది మీరు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

చెరపడం విషయంలో నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. మా నాన్నగారు లాకుల దగ్గర లస్కరుగా పనిచేశారు. తెల్లవారి కాలువలోని గేజి దగ్గరకు దిగి, నీరు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాల దగ్గర ఉందో చూసి వచ్చి రిజిస్టరులో రాసేవారు. ఆ రిజిస్టరుకు ఒక కట్టడి ఉండేది. అంకె తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. పాత అంకె కనబడేటట్టు దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టాలి. నేను ఆరో తరగతిలో ఉండగా దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు చాలక వంతులు పెట్టారు. ఎగువ భూములున్న ఒక పెద్ద రైతు మనిషిని పంపాడు. రాత్రి తూము తలుపు కొంచెం ఎత్తుకుంటామని, ఉదయం గేజి పడిపోయినట్టు కనబడకుండా రెండు అంగుళాలు కలిపి రాయమని అడిగాడు ఆ మనిషి. మా నాన్నగారు దీపం పెద్దది చేసి రిజిస్టరు తెరిచి, కిందటి పేజీల్లో గీత కొట్టిన అంకెలు నాలుగైదు చూపించారు. "నా తప్పులన్నీ ఇక్కడే ఉన్నాయి, చూసుకో. నీది కూడా రాయమంటే నీ పేరుతోనే రాస్తాను," అన్నారు. ఆ మనిషి మారు మాట లేకుండా వెళ్లిపోయాడు. రెండు అంగుళాలు ఎగువ రైతుకు చిన్న సంగతే కావచ్చు. శివారు ఊళ్లలో ఆ రెండు అంగుళాలకే పొట్ట మీదున్న చేలు ఎండిపోయేవి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉన్న వాళ్లు ఆ అంకె విని గేదెలను తోలుకుని, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని గట్టుకు చేరుకుంటారు. 1986 ఆగస్టు వరద చూసిన వాళ్లకు ఆ అంకె విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అంకెను నమ్మేది, దాన్ని రాసే మనిషికి అందులో సొంత లాభం ఏమీ లేదు కాబట్టి. విజ్ఞాన సర్వస్వంలో మీ గురించిన పేజీ కూడా నా దృష్టిలో అటువంటిదే. మీ కాలేజీలో కొడుకును చేర్చాలా వద్దా అని చూసే తండ్రికి, మీ మేత కొనాలా వద్దా అని చూసే చెరువు రైతుకు, మీ ఆసుపత్రికి తల్లిని తీసుకొస్తున్న కూతురికి అది గేజి. మీ మాట మీరు చెప్పుకోవడానికి మీ వెబ్‌సైటు ఉంది, కరపత్రాలున్నాయి, సెంటరులో కటౌట్లున్నాయి. అక్కడ మీ ఇష్టం వచ్చినంత పెద్ద అక్షరాలతో రాసుకోండి. అవి మీవని చదివే వాళ్లకు తెలుసు. వికీపీడియా పేజీని మాత్రం వాళ్లు మీది కాదనుకుని చదువుతారు. అందులో మీరు దొంగచాటుగా చేరడం వాళ్లను మోసగించడం.

మీలో కొందరు దీన్ని మామూలు వ్యాపార లౌక్యం అనుకుంటున్నారు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటున్నారు. పేజీ పైన 'చరిత్ర' అనే మాట ఉంటుంది, దాన్ని ఒకసారి నొక్కి చూడండి. పేజీ పుట్టిన రోజు నుంచి నేటి దాకా చేసిన ప్రతి మార్పూ, గంటా నిమిషంతో సహా, అందులో ఉంటుంది. మీరు తీసేసిన పేరా కూడా అక్కడ భద్రంగా ఉంటుంది, ఎవరు తీశారన్న వివరంతో పాటు. మా నాన్నగారి రిజిస్టరులో గీత కొట్టిన అంకె లాగే.

2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే అమెరికా విద్యార్థి వికీస్కానర్ అనే సాధనం తయారుచేశాడు. అప్పట్లో ఖాతా లేకుండా మార్పు చేస్తే, ఆ కంప్యూటర్ ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో దాన్ని గుర్తుపట్టే సంఖ్య, చరిత్రలో అందరికీ కనబడేటట్టు నమోదయ్యేది. ఆ చిరునామాలు ఏ సంస్థలవో జతచేసి చూపించడమే ఆ సాధనం చేసిన పని. అప్పట్లో ఓటింగ్ యంత్రాలు తయారుచేసిన డైబోల్డ్ కంపెనీ చిరునామా నుంచి, ఆ యంత్రాల భద్రత మీద వచ్చిన విమర్శల పేరాలను 2005లో తొలగించారని అలా బయటపడింది. ఆ విమర్శలు వికీపీడియాలో చదవని వాళ్లు కూడా పత్రికల్లో చదివారు. 2011 డిసెంబరులో లండన్‌లోని బెల్ పాటింజర్ అనే పెద్ద ప్రచార సంస్థ తనకు డబ్బిచ్చే వాళ్ల పేజీలను మారుపేర్ల ఖాతాలతో మెరుగుపరుస్తోందని వెల్లడై, ఆ ఖాతాలను నిలిపివేశారు. 2019లో నార్త్ ఫేస్ అనే దుస్తుల కంపెనీ కోసం బ్రెజిల్‌లోని ఒక ప్రకటనల సంస్థ, పేరున్న కొండల, పార్కుల పేజీల్లో ఫొటోలు తీసేసి ఆ కంపెనీ సరుకు కనబడే ఫొటోలు పెట్టింది. పైగా ఆ ఘనకార్యాన్ని వీడియో తీసి చెప్పుకుంది. కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

అవన్నీ దూరదేశాల సంగతులు అనకండి. మన దేశంలోని ఐఐపీఎం అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ విషయం గుర్తు చేస్తాను. ఇంగ్లీషు వికీపీడియాలో 'వైఫైవన్' అనే మారుపేరుతో ఒక వాడుకరి ఉండేవాడు. నమ్మకం సంపాదించి నిర్వాహకుడు కూడా అయ్యాడు. ఆ సంస్థ పేజీని దానికి అనుకూలంగా, పోటీ సంస్థల పేజీలను వాటికి ప్రతికూలంగా ఏళ్ల తరబడి మలుస్తూ వచ్చాడని వికీపీడియా మధ్యవర్తుల సంఘం విచారించి, 2015 ఫిబ్రవరిలో అతడిని నిషేధించింది. నేను బడిపంతులును కాబట్టి ఈ ఉదంతమే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించింది. పొలం కుదువపెట్టి కొడుకు ఫీజు కట్టే తండ్రి ఆ పేజీని చూసినప్పుడు, అది తనలాంటి వాళ్ల కోసమే ఎవరో నిష్పక్షపాతంగా రాసిందని అనుకుంటాడు గదా. ఆ నమ్మకాన్ని తినేశారు.

చిన్న వ్యాపారాల వాళ్లకు ఒక హెచ్చరిక. మీ ఊళ్లోనే కాదు, ఎక్కడెక్కడి నుంచో మీకు ఫోన్లు వస్తాయి, "మీకు వికీపీడియా పేజీ పెట్టిస్తాం, ఇంత అవుతుంది" అని. డబ్బు ఇవ్వకండి. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్లు చిన్న వ్యాపారుల, కళాకారుల పేజీలు పెట్టిస్తామని సొమ్ము తీసుకుని, తరువాత ఆ పేజీని ఎవరూ తీసేయకుండా కాపాడతామని నెలనెలా అడిగేవారు. 381 ఖాతాలను నిలిపేశారు, 210 పేజీలను తొలగించారు. సొమ్ము ఇచ్చిన వాళ్లకు పేజీ కూడా మిగల్లేదు. వికీపీడియాలో పేజీ అమ్మే అధికారం ఎవరికీ లేదు. మీ గురించి మీతో సంబంధం లేని వాళ్లు పత్రికల్లోనో పుస్తకాల్లోనో తగినంత రాసి ఉంటే పేజీ వస్తుంది, లేకపోతే రాదు. రానంత మాత్రాన మీ బియ్యం రుచి తగ్గదు.

పూర్తిగా చెరిపేయడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. మాటను మెత్తబరచడం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. కోనసీమలో ఆ రోజుల్లో ఉన్న వాళ్లెవరూ ఆ రాత్రుల ఎర్రటి ఆకాశాన్ని మరిచిపోలేదు. మేము వశిష్ఠకు ఇవతల ఉండి కూడా దాని గురించి తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి '65 రోజులు' తీసేసి 'కొన్ని రోజులు' అని రాశారనుకోండి. అది అబద్ధం కాదు. మూలం కూడా అలాగే ఉంటుంది. కాని చదివే పిల్లవాడికి ఆ అగ్ని చేరదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. దాన్ని 'ప్రమాద ఘటన చోటుచేసుకుంది' అని సరిపెట్టినా అబద్ధం కాదు. ఈ రెండు పేజీలను ఎవరో అలా మార్చారని నేను అనడం లేదు. నేను చూస్తున్న చిన్న చిన్న పేజీల్లో మాత్రం ఈ పని రోజూ జరుగుతోంది. 'మరణించారు' ఉన్నచోట 'అస్వస్థతకు గురై' వస్తుంది. 'అధికారులు మూసివేయించారు' ఉన్నచోట 'నిర్వహణ కోసం తాత్కాలికంగా ఆపారు' వస్తుంది. 'తేలింది' పోయి 'కొందరు ఆరోపించారు' వస్తుంది. ఒక్కొక్క మాటే. నెల తిరిగేసరికి పేజీ మీ కరపత్రం అవుతుంది, ఏ ఒక్క మార్పునూ పట్టుకుని ఇది తప్పని చూపించలేము.

ఇంగ్లీషు వికీపీడియాలో ఇటువంటివి పట్టుకోవడానికి చాలా కళ్లున్నాయి. తెలుగులో అంతమంది లేరు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఇన్నేళ్లుగా నిలబెట్టింది ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు చూసుకుంటూ రాత్రిళ్లు రాసిన కొద్దిమంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలని తపించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆ పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. వికీపీడియన్లు ఆయన పేరు మీదే పురస్కారం పెట్టుకున్నారు. అంత ఆశతో, అంత తక్కువ మందితో నడుస్తున్న చోటికి మీరు జీతం ఇచ్చి మనుషులను పంపుతున్నారు. మీ మనిషికి అది రోజంతా చేసే ఉద్యోగం. నాకు వంట అయ్యేలోగా దొరికే అరగంట. ఇది సమానమైన పోటీయా?

పైగా తెలుగులో ఒక తప్పు చేరితే అది నిజమై కూర్చోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఒక కాలేజీ పేజీలో "ఉభయ గోదావరి జిల్లాల్లోనే ఈ కోర్సును మొట్టమొదట ప్రవేశపెట్టిన కళాశాల" అని ఎవరో మూలం లేకుండా చేర్చారు. మరుసటి సంవత్సరం కాలేజీ వార్షికోత్సవానికి ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది, అదే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆ తరువాతి వారమే వికీపీడియా పేజీలో ఆ వాక్యానికి మూలంగా ఆ వార్తనే చూపించారు. రాసింది ఒకరే, సాక్షులు మాత్రం ఇద్దరయ్యారు. అంతకు నాలుగేళ్ల ముందే ఇంకో కాలేజీ ఆ కోర్సు పెట్టిందని గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పి కనుక్కోవడానికి నాకు రెండు శనివారాలు పట్టింది. దుమ్ముకు వారం రోజులు దగ్గాను. ఇప్పుడు ఫోనును ఏదైనా అడిగితే అది చెప్పే జవాబుల్లో చాలాభాగం ఇటువంటి పేజీల నుంచే వస్తోంది. అడిగిన వాళ్లు గ్రంథాలయానికి వెళ్లి కట్టలు విప్పరు.

మీ వైపు న్యాయం లేదని నేను అనను. మీ పేజీల్లో తప్పులుంటాయి. స్థాపించిన సంవత్సరం తప్పు పడుతుంది. మూడేళ్ల కిందట దిగిపోయిన డైరెక్టరు పేరు ఇంకా ఉంటుంది. పోటీ సంస్థ వాళ్లు అక్కసుతో ఏదో రాసి పోతారు. కోర్టు కొట్టేసిన కేసును ఇంకా నడుస్తున్నట్టు రాసి ఉంటుంది. చివరిది మాత్రం చిన్న విషయం కాదు. అలా జరిగిన ఒక ఆసుపత్రి డాక్టరుగారు నాతో మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. కేసు నమోదైనప్పుడు వార్త రాసిన పత్రికలు, కొట్టేసినప్పుడు రాయలేదు. ఆయన తీర్పు నకలు పంపారు. ఆ నకలు పట్టుకుని, కేసును న్యాయస్థానం కొట్టేసిందని పత్రికలో నాలుగు లైన్లు పడేదాకా ఆయన తిరిగారు, పడిన రోజే ఆ వాక్యం పేజీలోకి చేరింది. ఆయన తన పేజీని తాను ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే, నిజం ఆయన వైపే ఉన్నా, ఎవరూ నమ్మేవారు కాదు.

దానికి దారి కష్టమైనది కాదు. ప్రతి పేజీకీ 'చర్చ' అని ఇంకో పేజీ ఉంటుంది. మీ మనిషి సొంత పేరుతోనో, సంస్థ పేరు ముందుపెట్టి తన పేరుతోనో ఖాతా తెరిచి, తన వాడుకరి పేజీలో 'నేను ఫలానా సంస్థ ఉద్యోగిని, ఈ పనికి జీతం తీసుకుంటున్నాను' అని రాయాలి. ఇది నా సలహా కాదు, 2014 జూన్ నుంచి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నిబంధనల్లో ఉన్న షరతు. డబ్బు తీసుకుని రాసే వాళ్లు యజమాని ఎవరో, ఎవరి తరఫున రాస్తున్నారో చెప్పి తీరాలి. చెప్పాక చర్చ పేజీలో తప్పు ఏమిటో, సరైనది ఏమిటో, ఆధారం ఎక్కడుందో రాయండి. మీకు సంబంధం లేని వాళ్లు చూసి మారుస్తారు. ఎవరూ పట్టించుకోకపోతే, వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే 'రచ్చబండ' పేజీలో అడగండి. బూతులు రాసినవి, అక్షర దోషాలు, అచ్చంగా అక్షర దోషాలే, మీరే సరిచేసినా ఎవరూ అడ్డు చెప్పరు. ఆలస్యం అవుతుందని ఆ భీమవరం ఆఫీసు యజమాని నాతో అన్నాడు. అవుతుంది. తెలుగులో ఎక్కువే అవుతుంది. తొందరగా కావాలనుకుంటే మీ ఉద్యోగుల్లో నలుగురిని మీ సంస్థతో సంబంధం లేని పేజీలు రాయడానికి పంపండి. మన ఊళ్ల పేజీలు ఇంకా మొలకలుగానే, అంటే రెండు మూడు వాక్యాల దగ్గరే, ఉన్నాయి. ఎన్నో కాలువలకు, లాకులకు, వంతెనలకు రెండు వాక్యాలు కూడా లేవు.

ఆ పట్టికలో 'శుభ్రం చేయాలి' అని టిక్కు పెట్టిన నాలుగు సంస్థల పేర్లు నేను బయటపెట్టను. ఆ కుర్రవాడు నమ్మి చూపించాడు. కాని ఆ నాలుగు పేజీలనూ నా వీక్షణ జాబితాలో పెట్టుకున్నాను. వాటిలో ఏ మార్పు జరిగినా నాకు తెలుస్తుంది. వాడికి ఆ పని కాక ఇంకేదైనా పని ఇవ్వమని మిమ్మల్ని అడుగుతున్నాను. పటాలు బాగా గీస్తాడు.

ఇక ఆ రొయ్యల పరిశ్రమ వారికి. మీ మేనేజరు గారు నాకు ఫోను చేసి, ఆ గొడవ తరువాత మీరు నీటి శుద్ధి ప్లాంటు కట్టారని, తరువాత తీసిన నమూనాలు బాగున్నాయని, ఆ కాగితం మీ దగ్గర ఉందని చెప్పారు. నిజమైతే నాకంటే సంతోషించే వాడు ఉండడు. అప్పుడు మీ పేజీకి కావలసింది నాలుగు వాక్యాలు తీసేయడం కాదు, అయిదో వాక్యం చేర్చడం. ఆ కాగితం ఏ కార్యాలయం ఇచ్చింది, సంఖ్య ఏమిటి, తేదీ ఏమిటి, ఆ సంగతి ఎక్కడ ప్రచురితమైంది అన్నవి కావాలి. మీ పేజీకి చెందిన చర్చ పేజీలో 'శుద్ధి ప్లాంటు' అనే శీర్షిక పెట్టి, మీ మాట అక్కడ రాయమని అడిగాను. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులైంది. దాని కింద ఇంకా ఏమీ లేదు. అక్కడ రాయండి. చివర నాలుగు టిల్డా గుర్తులు (~~~~) కొడితే మీ ఖాతా పేరు, తేదీ, సమయం సంతకంగా పడతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
పాలకొల్లు ప్రాంతం